చదవని కళ్ళు

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకు ఎదురుగా ఉన్న బోర్డు తప్ప చూడడానికి ఇంకేమీ ఉండదు. తెల్లటి రేకు మీద ఇంగ్లీషులో నల్లటి అక్షరాలు. చిన్నవి, ఒకదానికొకటి అంటుకున్నట్టు ఉంటాయి. యంత్రాల దగ్గర ఏం చేయకూడదో అందులో రాసి ఉంది. బల్లకు అవతల సూపర్‌వైజర్ తల వంచుకుని ఏదో రాసుకుంటున్నట్టు కూర్చుంటాడు. నిజానికి అతను చూసేది వచ్చినవాళ్ళ కళ్ళను. ఆ కళ్ళు బోర్డు మీద ఎడమ నుంచి కుడికి జరిగి, ఒక మెట్టు దిగి, మళ్ళీ ఎడమకు వస్తే చాలు, "కబురు చేస్తాంలే" అంటాడు. ఆ కబురు రాదు.

ఆసుపత్రులకూ హోటళ్ళకూ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసి పంపే లాండ్రీ అది. చదువుకున్నవాళ్ళను పనిలోకి తీసుకోరు. తీసుకుంటే రెండు నెలలకు వెళ్ళిపోతారట, లేకపోతే ప్రతిదానికీ రూలు అడుగుతారట. పని కోసం వచ్చిన ఆమెకు ఈ సంగతి గేటు బయట టీ కొట్టు దగ్గర ఒకమ్మాయి చెప్పింది. "నేను రెండో లైనులోనే దొరికిపోయానక్కా," అని నవ్వింది ఆ పిల్ల. బి.కామ్ చదివిందట.

ఆ తర్వాత వారమంతా ఆమె ఇంట్లో పేపరు ఎదురుగా పెట్టుకుని చదవకుండా చూడడం సాధన చేసింది. చదవడం మనం చేసే పని అనుకుంటాం. కాదు, అది మనకు జరిగిపోతుంది. అక్షరం కంట పడితే అర్థం అప్పటికే లోపలికి వచ్చి కూర్చుని ఉంటుంది. పిలవని చుట్టాన్ని గుమ్మంలోనే ఆపవచ్చు గాని దీన్ని ఆపలేం. చివరికి ఆమెకు ఒక ఉపాయం తోచింది. అక్షరాలను కాదు, వాటి మధ్య ఏదో ఒక వస్తువును చూడాలి. ఆ బోర్డుకు కింది మూల తుప్పు పట్టిన మేకు ఒకటి ఉంది. ఆ కుర్చీలో తన వంతు వచ్చిన రోజు ఆమె ఆ మేకునే చూస్తూ కూర్చుంది.

"ఎంతవరకు చదివావ్?" అన్నాడు సూపర్‌వైజర్.

"పదో తరగతండీ," అంది. ఒక్క క్షణం ఆగి, అతను అడగకుండానే, "తప్పాను," అని కలిపింది.

ఆ ఒక్క మాటకు ఆమె చాలా రోజులు లోలోపల మురిసిపోయింది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పాసైన రోజు కూడా ఇంత తెలివైనదాన్నని ఆమెకు అనిపించలేదు.

పరీక్షగా పెట్టుకున్న నెల గడిచి, ఈ శనివారం ఆమెను ఖాయం చేస్తారో లేదో తేలాలి. ఖాయమైతే జీతం పెరుగుతుంది, మంచం పట్టినా మందులు కంపెనీవే. ఆమె రోలర్ దగ్గర పనిచేస్తుంది. తడి పిండేసిన దుప్పటిని ఇద్దరు చెరో అంచూ పట్టుకుని, ఒక్కసారి గాల్లో విదిలించి, మడతలు పోయాక ఆ వేడి రోలర్ నోటికి అందించాలి. అంచులు సమంగా వెళ్ళకపోతే దుప్పటి ముడుచుకుని లోపల మాడుతుంది. ఆమె జోడీని అందరూ పిన్ని అంటారు. వేళ్ళ చివర్లు కాలి కాలి నున్నగా అయిపోయిన మనిషి. రోలర్ హోరులో మాటలు వినపడవు గనక పిన్ని దుప్పటితోనే మాట్లాడుతుంది. కొంచెం గట్టిగా లాగితే 'కాస్త త్వరగా' అని, అంచు రెండుసార్లు విదిలిస్తే 'గద్ద వస్తున్నాడు' అని. సూపర్‌వైజర్‌కు ఆ వరసలో పెట్టుకున్న పేరు గద్ద.

"నీ లాగుడు చూస్తే నీ మనసు తెలిసిపోతుందే పిల్లా," అంటుంది పిన్ని. "ఇవాళ మీ నాన్నతో గొడవపడి వచ్చావు. అవునా?"

అవును. అది మాత్రమే తెలుస్తుంది పిన్నికి. ఇంకొకటి తెలియకుండా ఉండాలని ఆమె వేళ్ళు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి.

మంగళవారం పొద్దున పిన్ని ఒక మందు సీసా పట్టుకుని వచ్చింది. మనవరాలికి జ్వరం. డాక్టరు చెప్పింది ఎన్ని చెంచాలో కోడలు మర్చిపోయింది. "ఎవరికైనా చదవడం వస్తుందటే?" అని సీసా ఎత్తి పట్టుకుని వరసంతా తిరిగింది. ఎవరూ తల ఎత్తలేదు. సీసా ఆమె ముఖం ముందు కూడా ఆగింది. సంవత్సరం దాటిన పిల్లలకు ఒక చెంచా, పూటకొకసారి. ఆమె మూత మీద సొట్టను చూస్తూ, "నాకెక్కడ వచ్చు పిన్నీ," అంది. ఆ వరసలో తల ఎత్తనివాళ్ళలో తనలాంటివాళ్ళు ఇంకెందరు ఉన్నారో అని అప్పుడు అనుకుంది. పిన్ని మధ్యాహ్నం వరకు ఆగి, బయట మందుల కొట్టు దాకా నడిచి వెళ్ళి అడిగి వచ్చింది.

ఆ సాయంత్రమే డ్రమ్ములు దిగాయి.

ఉతికే యంత్రాల పక్కన మందులు కలిపే మనిషిని సబ్బు మామ అంటారు. దుప్పట్లు తెల్లబడడానికి బ్లీచు వేస్తాడు. ఆఖరి నీళ్ళలో, బ్లీచు వాసన పోవడానికి, కొంచెం యాసిడ్ వేస్తాడు. ఎప్పుడూ బ్లీచు నీలం డ్రమ్ముల్లో వస్తుంది, యాసిడ్ ఎర్ర డ్రమ్ముల్లో. ఆయనకు అక్షరాలతో పని లేదు. నీలం, ఎరుపు చాలు. కానీ ఈసారి సరుకు కొత్త చోటు నుంచి, చవగ్గా వచ్చింది. అన్నీ నీలం డ్రమ్ములే. దుప్పటి మడతపెట్టి వెనక్కి తిరిగినప్పుడు ఆమె కంటికి డ్రమ్ము మీద అంటించిన కాగితం తగిలింది. చూడకూడదనుకునేలోపే చదివేసింది. అక్కడ తుప్పు పట్టిన మేకు ఏదీ లేదు.

అది యాసిడ్. బ్లీచుతో కలిస్తే విషవాయువు. సబ్బు మామ దాన్ని బ్లీచు తొట్టి పక్కకు దొర్లిస్తున్నాడు.

ఆమె చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళింది. "మామా, ఈ డ్రమ్ము మూత వేరేలా ఉంది కదా?"

"మూత ఎలా ఉంటే ఏంటే, దానితో కాపురం చేస్తామా?" అన్నాడు సబ్బు మామ. "నీలం అంటే బ్లీచే. ఈ డ్రమ్ములు దొర్లించే నా నెత్తి తెల్లబడింది."

"వాసన చూడు మామా ఒకసారి."

"నా ముక్కు ఎప్పుడో రాజీనామా ఇచ్చేసిందమ్మా. నెలకోసారి జలుబు చేసినప్పుడు మాత్రం డ్యూటీకి వస్తుంది." తనే నవ్వి, తనే దగ్గాడు.

కాగితం మీద ఉన్న ఒక్క మాట చాలు. చదివి వినిపిస్తే ఆయన నమ్ముతాడు. కానీ చదివింది ఎవరు అని అడుగుతారు. ఆమె సూపర్‌వైజర్ గదికి వెళ్ళి గుమ్మం దగ్గరే నిలబడింది. "సార్, కొత్త డ్రమ్ము మీద బొమ్మ వేరేగా ఉంది. చెయ్యి మీద ఏదో పోస్తున్నట్టు."

"బొమ్మలు చూడడానికా జీతం ఇస్తున్నాం?" అన్నాడతను. తర్వాత కలం కింద పెట్టాడు. "బొమ్మేనా, ఇంకేమైనా చూశావా?"

ఆమె నవ్వింది. పళ్ళు కనిపించేలా, కాస్త తెలివితక్కువగా. ఆ నవ్వు కూడా ఆమె అద్దం ముందు నేర్చుకున్నదే. "నాకు చదువెక్కడిది సార్."

"మరి వెళ్ళి పని చూసుకో."

ఆమె వెళ్ళి పని చూసుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తనకు తనే నచ్చచెప్పుకుంది. తొట్టిలో పాత బ్లీచు మిగలకపోతే ఏమీ కాదు. పోసేముందు ఆయనే చూసుకుంటాడు. నేను చెప్పాను, ఒకరికి కాదు, ఇద్దరికి చెప్పాను. రేపు పొద్దున్నే మామ చెవిలో చెబుతాను, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని. ఈ మాటలన్నీ వరసగా, తర్కంగా, పరీక్షలో జవాబుల్లా వచ్చాయి. అంత చక్కగా వచ్చినందుకే ఆమెకు వాటి మీద అనుమానం కలిగింది. అయినా స్టాపు వచ్చేసరికి నమ్మేసింది.

మర్నాడు ఆమె వచ్చేసరికి సబ్బు మామ తొట్టి మీద వంగి ఉన్నాడు.

మొదట దగ్గు వినిపించింది. ఆయన దగ్గు అందరికీ అలవాటే గనక ఎవరూ తిరగలేదు. ఆమె తిరిగింది. తొట్టి అంచు మీంచి పచ్చగా, పసుపుగా ఏదో పొగ నెమ్మదిగా పొర్లి నేల మీదకు జారుతోంది. సబ్బు మామ మోకాళ్ళ మీదకు వాలిపోతున్నాడు, సరిగ్గా అది పారుతున్న వైపుకే.

"కింద కూర్చోకండి!" అని ఆమె అరిచింది. "అది కిందే పరుచుకుంటుంది! తలుపులన్నీ తీయండి, బయటికి, గాలి ఎదురు వచ్చే వైపుకి! తొట్టి దగ్గరికి ఎవరూ పోవద్దు, నీళ్ళు పోయొద్దు! అది క్లోరిన్!"

అది ఆమె గొంతే. ఆ నెలంతా వాళ్ళు విన్న గొంతు కాదు. తడి దుప్పటి ముఖానికి చుట్టుకుని, పిన్నితో కలిసి సబ్బు మామను చంకల కింద పట్టుకుని బయటికి ఈడ్చింది. ఎండలో ఆయన కళ్ళు మూసుకునే నీళ్ళు కారుస్తున్నాడు. పెదవుల చుట్టూ నురగ. ఊపిరి లోపలికి పోవడానికి దారి వెతుక్కుంటున్నట్టు ఈలలా కూసింది. సూపర్‌వైజర్ గోడకు ఆనుకుని దగ్గుతూ ఆమెనే చూస్తున్నాడు. అతని కళ్ళు ఆమె ముఖం మీద ఎడమ నుంచి కుడికి జరిగి, కొంచెం దిగి, మళ్ళీ ఎడమకు వచ్చాయి.

మధ్యాహ్నం మేనేజర్ పిలిపించాడు. ఆయన గదిలోకి ఆమె అంతకు ముందెప్పుడూ వెళ్ళలేదు. సూపర్‌వైజర్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏం చదివావు?"

"ఎమ్మెస్సీ. కెమిస్ట్రీ." ఎన్నో రోజుల తర్వాత పైకి అన్న మాట. నోట్లో పాచిపోయిన రుచిలా ఉంది. "కబురు చేస్తాం" అనే మాట కోసం ఆమె ఎదురుచూసింది.

"కూర్చో అమ్మా," అన్నాడు మేనేజర్. "టీ తాగుతావా?"

ఆమె కూర్చుంది.

"రేపో ఎల్లుండో తనిఖీ వాళ్ళు వస్తారు. ఇలాంటి మందులు వాడే చోట చదువుకున్న కెమిస్టు ఒకరు ఉండాలని రూలు. మేం మనిషి కోసం చూస్తూనే ఉన్నాం." ఆయన నవ్వాడు. "కాళ్ళకు తగిలిన దాన్ని ఊరంతా వెతికినట్టయింది."

"అంటే నన్ను ల్యాబులో..."

"ల్యాబు ఎక్కడుంది అమ్మా మనకి? నువ్వు రోలర్ దగ్గరే ఉండు, అక్కడ నీ చెయ్యి బాగా కుదిరిందట. ఖాయం అయిపోయినట్టే అనుకో. సర్టిఫికెట్ మాత్రం తెచ్చి ఇవ్వు. సూపర్‌వైజర్ గదిలో గోడకు పెడతాం. వచ్చినవాళ్ళకు కనపడాలి కదా. జీతంలో కూడా ఎంతో కొంత చూస్తాం."

"ఎప్పటి నుంచి?"

"పోయిన నెల నుంచి అని రాసుకుందాం. నువ్వు చేరింది అప్పుడే కదా? అబద్ధం ఏముంది?"

ఆమె టీ కప్పు అంచు చుట్టూ వేలు తిప్పింది. పోయిన నెల నుంచి. అంటే డ్రమ్ములు దిగిన రోజు ఇక్కడ ఒక కెమిస్టు ఉంది.

"నువ్వు ఆ తొట్టి దగ్గర మనిషిని ముందే హెచ్చరించావట," అన్నాడు మేనేజర్, సూపర్‌వైజర్ వైపు చూస్తూ. "మూత వేరేగా ఉంది, వాసన చూడమని చెప్పావట. ఆయన నవ్వి కొట్టిపారేశాడట. జరిగింది అదేగా?"

జరిగింది అదే. ఒక్క మాట కూడా తప్పు లేదు. కెమిస్టు హెచ్చరించింది, పనివాడు వినలేదు. అన్నీ నిజాలే. వాటిని పక్కపక్కన పెట్టిన తీరులోనే ఏదో రసాయన చర్య జరిగింది.

"సార్‌కి కూడా చెప్పాను," అంది.

"బొమ్మ గురించి చెప్పింది," అన్నాడు సూపర్‌వైజర్. "చదువు రాదని కూడా చెప్పింది."

చల్లారిన టీ మీద మీగడ కట్టింది.

"మామ సంగతి?" అంది ఆమె చివరికి.

"ఆసుపత్రి ఖర్చు మేమే చూస్తున్నాం. తర్వాత... వయసు కూడా అయింది కదమ్మా. చెప్పింది వినని మనిషిని మందుల దగ్గర ఎలా పెట్టుకుంటాం, నువ్వే చెప్పు. కెమిస్టువి కదా."

ఇంట్లో ఆ సర్టిఫికెట్ ముందు గదిలో, తలుపు తీయగానే కనపడేలా, గాజు ఫ్రేములో ఉంటుంది. అది అక్కడ పెట్టింది నాన్న. మెకానిక్ షెడ్డులో పనిచేసి వచ్చినా, చేతికి గ్రీజు ఉన్న రోజుల్లో దాన్ని మోచేత్తో తుడిచేవాడు. కంపెనీ వాళ్ళు సర్టిఫికెట్ అడిగారని ఆమె చెప్పగానే, ఎందుకని అడగకుండా, స్టూలు వేసుకుని ఎక్కాడు.

"అడిగారన్నమాట ఇన్నాళ్ళకి," అన్నాడు పైనుంచి.

"అడిగారు నాన్నా."

"నేను చెప్పలేదూ? బంగారాన్ని ఎన్నాళ్ళని రాయి అనుకుంటారు?" ఫ్రేము దించి చొక్కా అంచుతో గాజు తుడిచి, తువ్వాలులో పసిపిల్లను చుట్టినట్టు చుట్టాడు. "ఎక్కడ పెడతారట?"

"ఆఫీసు గదిలో."

"ఎండ తగలని గోడకి పెట్టమను. అక్షరాలు వెలిసిపోతాయి."

గోడ మీద అది ఉన్న చోట మిగతా గోడకంటే తెల్లగా ఒక నలుచదరం మిగిలింది. నాన్న దాన్ని కూడా కాసేపు తృప్తిగా చూశాడు. జరిగింది చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. ఆయన స్టూలు మీంచి దిగుతూ కూనిరాగం తీస్తున్నాడు. ఆమె స్టూలు పట్టుకుంది.

పోయిన నెల నుంచి తను కెమిస్టునని, సబ్బు మామ హెచ్చరిక వినలేదని రాసిన కాగితం మీద సంతకం పెట్టడానికి క్షణం కూడా పట్టలేదు. నెలంతా సంతకం రానట్టు వంకరగా గీసిన చెయ్యి, ఈసారి పాత వేగంతో, కింద చిన్న గీతతో సహా గీసింది. తనిఖీ వాళ్ళు వచ్చి గోడ చూసుకుని వెళ్ళారు. ఆమెతో మాట్లాడలేదు. ఫ్రేమును బోర్డు పక్కనే కొట్టారు. మధ్యాహ్నం ఎండ సరిగ్గా దాని మీదే పడుతుంది.

రోలర్ దగ్గర పిన్ని ఇప్పుడు దుప్పటిని లాగడం లేదు. అందిస్తోంది. ఎంతో మర్యాదగా, బరువు లేకుండా, అటువైపు మనిషి లేనట్టు.

"కొంచెం బిగించి పట్టుకో పిన్నీ, ముడత పడుతోంది."

"అలాగే మేడం."

"అలా పిలవకు పిన్నీ."

పిన్ని రోలర్ ఆపింది. హోరు తగ్గాక ఆమె గొంతు అందరికీ వినపడింది. "మరెలా పిలవమంటావు? పసిదానికి ఒళ్ళు కాలిపోతుంటే మందు సీసా పట్టుకుని వరసంతా తిరిగాను. నీ ముక్కు ముందు పెట్టాను. అప్పుడు నువ్వెవరివి? పిల్లవా, మేడానివా? అది చెప్పు, అలాగే పిలుస్తా."

వరసలో ఒకరిద్దరు చటుక్కున తలలు దించుకున్నారు. ఆ దించుకున్న తలలను చూసి, తనలాంటివాళ్ళెవరో ఆమెకు తెలిసిపోయింది. పిన్ని రోలర్ మళ్ళీ నడిపింది.

శనివారం సబ్బు మామ వచ్చాడు. క్యారేజీ డబ్బా, చెప్పులు, ఒక పాత చొక్కా ఇక్కడే ఉండిపోయాయి. నాలుగు అడుగులు వేసి ఆగుతున్నాడు. ఆగినప్పుడల్లా గోడ పట్టుకుంటున్నాడు. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. సూపర్‌వైజర్ గది తలుపు తీసి ఉంటే, గుమ్మంలో నిలబడి ఫ్రేము వైపు చూశాడు.

"ఇదేనా? ఫొటో ఉంటుందనుకున్నాను," అన్నాడు. "ఇంత బంగారు అంచు వేసి మనిషి బొమ్మ వేయలేదే."

ఆమె ఆయన డబ్బా కడిగి తెచ్చి చేతికి ఇచ్చింది. ఆయన తీసుకోలేదు.

"ఆ రోజు మూత వేరేగా ఉందన్నావు. తెలిసే అన్నావా అమ్మాయ్?"

ఇప్పటికీ అమ్మాయ్ అనే పిలిచాడు. లేదు అనడానికి ఆమె దగ్గర ఆ నవ్వు సిద్ధంగా ఉంది. పళ్ళు కనిపించేలా, కాస్త తెలివితక్కువగా. అది పెదవుల దాకా వచ్చి ఆగింది.

"తెలుసు మామా."

"మరి చదివి చెప్పొచ్చుగా?"

"చదివితే ఉద్యోగం పోయేది."

సబ్బు మామ తల ఊపాడు, లెక్క సరిపోయినట్టు. దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా గోడ పట్టుకుని నిలబడి, ఊపిరి తీసుకుని, ఏ కోపమూ లేకుండా అడిగాడు.

"ఇప్పుడు ఎవరిది పోయింది?"

డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు అడుగులు, గోడ. నాలుగు అడుగులు, గోడ. గేటు దగ్గర గోడ అయిపోయింది. అక్కడ గాలిలో చెయ్యి చాపి, ఏమీ దొరక్క, అలాగే నడిచాడు.

సోమవారం సబ్బు మామ చోటుకు మనుషులను చూశారు. సూపర్‌వైజర్ ఆమెకోసం బల్ల పక్కన ఇంకో కుర్చీ వేయించాడు. "కాసేపు కూర్చో మేడం. ఈ మధ్య పనికి వచ్చేవాళ్ళు బాగా తెలివి మీరారు. మీలాంటివాళ్ళని మీరే పట్టాలి."

ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టిన పిల్లకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ఒడిలో చేతులు పెట్టుకుని వినయంగా ఉంది. ఆ పిల్ల ముందు ఇప్పుడు రెండు ఉన్నాయి: బోర్డు, ఫ్రేము. కళ్ళు కదలలేదు. అంత నిశ్చలంగా ఎక్కడ నిలిచాయో ఆమె ఆ చూపు వెంట వెళ్ళి చూసింది. బోర్డు కింది మూల, తుప్పు పట్టిన మేకు మీద.

"ఏమంటావ్ మేడం?" అన్నాడు సూపర్‌వైజర్.

"అక్షరం ముక్క రాదు సార్," అంది ఆమె.

పని చూపించడానికి తనే తీసుకెళ్ళింది. ఉతికే యంత్రాల వెనక, తొట్టి పక్కన, నీలం డ్రమ్ములు అలాగే వరసగా ఉన్నాయి. చవక సరుకు మార్చలేదు. చుట్టూ ఎవరూ లేరు, యంత్రాల హోరు తప్ప. ఆమె ఒక డ్రమ్మును తిప్పి, కాగితం ఉన్న వైపు ఆ పిల్ల ముఖానికి ఎదురుగా పెట్టింది.

"ఇది చదువు."

ఆ పిల్ల ఉలిక్కిపడలేదు. "నాకు రాదు మేడం."

"వచ్చని నాకు తెలుసు. నేనెవరికీ చెప్పను. పైకి చదువు. నువ్వు పోసే ప్రతిదీ పోసేముందు చదవాలి, వింటున్నావా? ఇక్కడ ఒక మనిషి..." ఆమె కాగితం మీది మొదటి అక్షరం కింద వేలు పెట్టింది. "ఒక్కసారి చదువు తల్లీ."

ఆ పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. గదిలో గోడకు ఉన్న బంగారు అంచు, బల్ల పక్కన వేసిన రెండో కుర్చీ ఆ చూపులో ఉన్నాయి. తర్వాత నెమ్మదిగా డ్రమ్ము వైపు తిరిగింది. కాగితం పక్కన రేకుకు పడిన ఒక సొట్టను ఎంచుకుని, గోడను చూసినట్టు దాన్నే చూస్తూ నిలబడింది.

"రాదు మేడం," అంది. ఒక్క క్షణం ఆగి, ఎవరూ అడగకుండానే, "పదో తరగతి తప్పాను," అని కలిపింది.